ఇంజన్ల కుండమార్పిడి

మొన్న ఆదివారం మా మేనల్లుడు చరణ్ ఫోన్ చేసి, ఒకసారి షెడ్డు దాకా రా అత్తా, నువ్వొస్తే గానీ ఇక్కడ తగువు తేలేటట్టు లేదు అన్నాడు. ఉద్యోగమంతా ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని రిటైరైన మనిషిని, మోటారు షెడ్డులో నేను తేల్చేదేముంటుందని విసుక్కుంటూనే ఆటో ఎక్కాను. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు అది. లోపల మా నాన్న జీపు దిమ్మెల మీద నిలబడి ఉంది. చక్రాల్లేవు, సీట్లు లేవు, ఇంజనూ లేదు. అన్నయ్య ఇంటి వెనక ఇన్నేళ్ళూ కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చిన బండిని వీడు అక్కడికి లాక్కొచ్చి, ఇద్దరు స్నేహితుల్ని పోగేసి, మళ్ళీ రోడ్డెక్కిస్తానని కూర్చున్నాడు. పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉందట. వీళ్ళ తగువు అక్కడ కూడా నడుస్తోందట, ఒంగోలు నుంచి ఒకాయన రోజూ తిడుతున్నాడట.

తగువు ఏ ఇంజను పెట్టాలని. నాగూర్ అనే పిల్లాడు, గుంటూరులో తుక్కు కొట్లో యాక్సిడెంటైన వ్యాను డీజిలు ఇంజను ఒకటుంది, దాన్ని తెచ్చి కూచోబెడదాం అంటాడు. హరి అనేవాడు ఒప్పుకోడు. ఆర్సీలో పెట్రోలని రాసి ఉంది, పుట్టినప్పుడు ఏ ఇంజనుతో పుట్టిందో దానితోనే తిరగాలి, లేకపోతే అది పాత బండి ఎట్లా అవుతుందంటాడు. చరణ్ ఒక పూట ఇటు, ఒక పూట అటు. మధ్యలో అసలు ఇంజనే వద్దు, బ్యాటరీ మోటారు పెడదామని కూడా అన్నాడు, దానికి మిగతా ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు. ముగ్గురూ ఒప్పుకున్న మాట ఒక్కటే, తక్కువలో అయిపోవాలి. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతూ విన్నాను. ఈ మాటలన్నీ నాకు కొత్త కావు. బ్యాటరీ ఒక్కటి తప్ప తక్కినవన్నీ చిన్నప్పుడే వినేశాను.

అసలు నన్ను పిలిచింది వేరే సంగతికి. హరి చాసీ కింద దూరి తుప్పు గీకుతుంటే ఇంజను కూర్చునే చోట వెల్డింగు చేసి మళ్ళీ కోసేసిన ఇనప ముక్కలు కనపడ్డాయట. "ఇక్కడ ఎప్పుడో డీజిలు ఇంజను కూచుంది అత్తా. తీసేసి మళ్ళీ పెట్రోలే పెట్టారు. ఆ రోజుల్లో పెట్రోలు తీసి డీజిలు పెట్టుకున్నోళ్ళు చానామంది ఉన్నారు గానీ, తిరిగే డీజిలు ఇంజను తీసేసి పెట్రోలు పెట్టుకున్నోణ్ణి యాడా చూళ్ళా. ఎవరత్తా ఆ పెద్దమనిషి?" అన్నాడు. మీ చరణ్ వాళ్ళ తాత అన్నాను. మర్యాదగానే నవ్వారు, కానీ నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు కొత్త కాదు. నాన్న బతికి ఉన్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఆ నవ్వు వింటూనే ఉన్నాను.

మాది గురజాలకీ మాచర్లకీ మధ్య, రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి పోతే వచ్చే ఊరు. చుట్టూ నాపరాయి క్వారీలు. మెట్ట చేలల్లో పత్తి, మిరప. ఊళ్ళో సాంబయ్యలు ఎంతమంది ఉన్నా జీపు సాంబయ్య అంటే మా నాన్నే. పొద్దున్నే క్వారీ కూలీల్ని దింపడం, సంత రోజున సంతకి, పెళ్ళిళ్ళ రోజుల్లో పెళ్ళిళ్ళకి, కాన్పులకి ఎప్పుడంటే అప్పుడు. మా ఇల్లు ఆ జీపు మీద నడిచేది, ఇంకో ఆధారం చెప్పుకోదగ్గది లేదు. అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లే వేళకి నాన్న పళ్ళ పుల్ల నోట్లో పెట్టుకుని బానెట్ ఎత్తేవాడు. రాత్రంతా ఏం జబ్బు చేసిందోనని చూసే డాక్టరు లాగా ఒంగి, ఒక్కో తీగా పట్టుకుని చూసి, అప్పుడు మొహం కడుక్కునేవాడు. మా ఇంట్లో ఏ గుడ్డకైనా పెట్రోలు వాసన ఉండేది. అమ్మ పాత చీరలన్నీ మసిగుడ్డలై పోయేవి, ఒక్కోసారి కొత్తవి కూడా. నాన్న చేతులు సున్నిపిండితో రుద్దినా వాసన పోయేది కాదని ఆయన కంచం వేరే కడిగేది. గోంగూర పచ్చడిలో నూనె తక్కువైతే, ఆ చెయ్యి పెట్టి కలుపుకో, నూనె అదే వస్తది అనేది.

నాన్నకి జీపు తర్వాత ఇష్టమైన పని వాదించడం. మెయిన్ రోడ్డు మలుపులో సుభాని మామ షెడ్డు ఆయనకి కచేరీ. ట్రిప్పు లేని పూట అక్కడ బల్ల మీద కూర్చుని, రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని, దానికి ఏం రోగమో చెప్పేవాడు. ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు. సుభాని మామ మెకానిక్కు. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు, మాటలో నాన్నకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. తను బిగించిన నట్టుని పైనుంచి దేవుడు దిగొచ్చినా విప్పలేడని చెప్పుకునేవాడు. మా బాబాయి కోటేశ్వరరావు క్వారీలో లెక్కలు చూసేవాడు, ఆయనకి బండి నడపడం రాదు గానీ సలహాలు బాగా వచ్చు. నేను ఒత్తులూ పొల్లులూ నేర్చుకోకముందే కార్బురేటరు అనే మాట నేర్చుకున్నానంటే ఈ ముగ్గురి పుణ్యమే.

ఏళ్ళు గడిచేసరికి పెట్రోలు ఇంజను తాగడం ఎక్కువైంది. పొద్దున ట్రిప్పు డబ్బులు పొద్దునే బంకులో పోసి వచ్చే రోజులొచ్చాయి. డీజిలు ఇంజను పెట్టాల్సిందేనని బాబాయి. పెట్రోలు ఇంజనునే విప్పి బాగు చేయించుకుంటానని నాన్న. "పెట్రోలు ఇంజను పెద్దింటి కోడలు సాంబయ్యా. నెమ్మదిగా ఉంటది, ఖర్చు పెట్టిస్తది. డీజిలు ఇంజను నోరు పెద్దది, చాకిరీ చేసిద్ది. నీ కొంపకి ఎవరు కావాల్నో నువ్వే చెప్పు," అనేవాడు సుభాని మామ. ఈ మాట విని అమ్మ లోపల్నుంచి, కోడళ్ళ సంగతి మీకేం తెలుసు అనేది. డీజిలు ఇంజను బరువుకి ముందు చక్రాల మీది కమాను పట్టీలు ఆగవని నాన్న. ఒక పట్టీ ఎక్కువ వేస్తే చస్తాయా అని సుభాని మామ. ఇట్లా ఎండాకాలం అంతా గడిచింది. కొత్త ఇంజను కొనే తాహతు ఎవరికీ లేదు కాబట్టి ఆ వాదన వల్ల ఎవరికీ నష్టం లేకుండా పోయింది.

అప్పుడు వినుకొండ దగ్గర్నుంచి వీరయ్య అనే ఆయన షెడ్డుకి వచ్చాడు. దూరపు చుట్టం, నాన్నకి బావ వరస. పొలాలున్నవాడు, ఊరి రాజకీయం నడిపేవాడు. ఆయనకీ ఒక జీపు ఉంది, అది డీజిలు. దాని చప్పుడుతోనే ఆయనకి చిక్కు. తను బయల్దేరితే పక్క ఊరిదాకా వినపడుతోందని, తను వెళ్ళేసరికి ఎదుటి పార్టీవాళ్ళు సర్దుకుని కూర్చుంటున్నారని, చప్పుడు చెయ్యకుండా పోయే పెట్రోలు ఇంజను కావాలని అన్నాడు. పెట్రోలు ఎంత తాగినా ఆయనకి ఫరవాలేదు. బళ్ళు రెండూ ఒక్క రకమే. ఆయన ఇంజను మాకు, మా ఇంజను ఆయనకి. పైసా చేతులు మారనక్కర్లేదు. నాన్న నోరు మొదటిసారి మూతపడింది. బాబాయి పొంగిపోయి, "ఇంకేంది అన్నా, ఇంజన్లకి కుండమార్పిడి చేసినట్టే," అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది.

కుండమార్పిడి అంటే ఈ కాలం పిల్లలకి చెప్పాల్సి వస్తుంది. ఒక ఇంటి అన్నాచెల్లెళ్ళకి ఇంకో ఇంటి అన్నాచెల్లెళ్ళనిచ్చి చేసే పెళ్ళి. మా పిల్ల మీ ఇంటికి, మీ పిల్ల మా ఇంటికి. ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు. సుభాని మామ షెడ్డులో మూడు దుంగలు కట్టి, గొలుసు కప్పీ వేసి, రెండు ఇంజన్లూ పైకి లాగాడు. నాన్న పాత ఇంజను గాల్లో వేలాడుతుంటే దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కొత్తది కూర్చునే చోట చాసీకి ఇనప ముక్కలు వెల్డింగు చేసి, అదురు తెలియకుండా లారీ టైరు రబ్బరు కోసి కింద మెత్త వేశాడు సుభాని మామ. ఆ రబ్బరు ముక్కలు కొయ్యడానికే ఆయనకి ఒక పూట పట్టింది. స్టార్టు చేస్తే అది డుగుడుగుమంటూ మా వీధంతా నిద్ర లేపింది గానీ, క్వారీ కూలీల్ని నిండా ఎక్కించుకుని మిట్ట ఎక్కినా ఆయాసపడలేదు. నాన్న మొహం చూస్తే, పొరబడ్డానని ఒప్పుకోకుండానే సంతోషిస్తున్నాడని తెలిసిపోయేది.

బండి ఎట్లా నడుస్తోందో చూడటానికి వీరయ్య మళ్ళీ వచ్చాడు. మా వాకిట్లో మంచం మీద కూర్చుని టీ తాగుతూ, గ్లాసు అమ్మకిస్తూ అన్నాడు. "ఇంజన్లకేనా బావా కుండమార్పిడి? మనకి పిల్లలు లేరా?" ఆయనకి కొడుకూ కూతురూ. మా ఇంట్లో అన్నయ్యా నేనూ. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అయితే మా వైపు ఇట్లాంటి మాటని నవ్వుతూనే అంటారు, నవ్వితే ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు. వారం తిరక్కుండా వాళ్ళింటి ఆడవాళ్ళు పూలూ పసుపూ కుంకుమా పట్టుకుని, ఊరికే చూసిపోదామని వచ్చామంటూ దిగారు. నాకు అప్పుడే ఇంటరు ఫలితాలొచ్చాయి, మాచర్ల కాలేజీలో మంచి మార్కులొచ్చిన నలుగురిలో నేనొకదాన్ని. డిగ్రీకి నరసరావుపేట పోవాలని దరఖాస్తు కూడా పెట్టుకున్నాను. వచ్చినావిడ నా గడ్డం పట్టుకుని, ఇంక చదువులెందుకులే తల్లీ, మా ఇంట్లో నువ్వు చదివి సంపాదించేదేముంది అంది. ఆవిడ ప్రేమగానే అంది.

అన్నయ్యకి అభ్యంతరం లేదు. బాబాయికి పండగ. అంత ఆస్తిపరులు మనల్ని వెతుక్కుంటూ రావడం ఏంది, ఇంకేం ఆలోచించేదేముంది అన్నాడు. అమ్మ మటుకు ఆ సాయంత్రం మిరపకాయలు తొడిమలు తీస్తూ నాన్నతో ఒక్కసారే మాట్లాడింది. అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మది కుండమార్పిడి పెళ్ళి. మా మామయ్యకీ అత్తకీ ఏదో మాటా మాటా వచ్చి అత్త పుట్టింటికి పోతే, అక్కడ ఏ పాపం తెలియని పెద్దమ్మని వాళ్ళు మర్నాడే బండెక్కించి పంపించారు. మా పిల్ల మా ఇంటికొచ్చింది కాబట్టి మీ పిల్ల మీ ఇంటికి. పెద్దమ్మ అట్లా ఎన్నేళ్ళు ఉందో మేమంతా చూశాం. "నా కూతురు దాని కాపురం అది చేసుకోవాలయ్యా. వాళ్ళ అన్న కాపురం కూడా నెత్తిన పెట్టుకుని తిరగగూడదు," అంది అమ్మ. నాన్న నా వంక చూశాడు. నేను చదువుకుంటాను నాన్నా అన్నాను. ఆయన లేచి జీపు దగ్గరికి పోయాడు.

కాదని చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ వయసులో తెలియదు. ఇంజను మా వాకిట్లో తిరుగుతున్నంత కాలం మాట కూడా తిరుగుతున్నట్టే. ఇంజను ఉంచుకుని పిల్లని ఇవ్వనంటే అది వాళ్ళని అవమానించడం. పైగా పిల్లే వద్దందని బయటపడితే నా పేరూ నలుగురి నోళ్ళలో నానుతుంది, వాళ్ళ అమ్మాయి పేరూ నానుతుంది. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున షెడ్డుకి పోయి, నలుగురూ వినేటట్టు, సుభానీ, ఈ ఇంజను అదురుతుంది, నా చాసీ తట్టుకునేటట్టు లేదు, తీసెయ్యి అన్నాడు.

సుభాని మామ నమ్మలేదు. ముందు నవ్వాడు, తర్వాత చెయ్యి తుడుచుకుని లేచాడు. తను బిగించిన ఇంజను అదురుతుందని ఆయన మొహం మీద అన్నవాడు అంతవరకూ లేడు. టీ కొట్టు నుంచి గ్లాసుడు నీళ్ళు తెప్పించి, అంచుకి కాస్త తక్కువగా ఉంచి, జీపు లోపల స్టీరింగు ముందున్న రేకు మీద పెట్టాడు. "స్టార్టు చెయ్యి. నీళ్ళు తొణికితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు. అప్పుడు నేను కాలేజీ నుంచి సర్టిఫికెట్లు తెచ్చుకుందామని మాచర్ల బస్సు కోసం ఆ మలుపులోనే నిలబడి ఉన్నాను. అంతా చూశాను. నాన్న స్టార్టు చేశాడు. యాక్సిలేటరు తొక్కి రేజు చేశాడు. నీళ్ళ మీద సన్నగా వలయాలు లేచాయి. అంతే, చుక్క బయటికి రాలేదు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నాన్న వంక చూశారు. ఎవడి నోరైనా మూయించగల మనిషి, ఆ నీళ్ళ వంకే చూస్తూ, నాకు అదురుతుంది సుభానీ అన్నాడు. సుభాని మామ గ్లాసు తీసి ఆ నీళ్ళు తాగేసి, ఇంక నా షెడ్డు మెట్టు ఎక్కబాక అన్నాడు. నాకు పరిగెత్తుకెళ్ళి అసలు సంగతి చెప్పేయాలనిపించింది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి, వీరయ్య పిల్లకీ రేపు పెళ్ళి కావాలి అని నాన్న రాత్రే చెప్పి ఉన్నాడు.

ఇంజను వేరేచోట దింపించి, ఎడ్లబండి మీద గురజాల దాకా, అక్కణ్ణుంచి లారీలో, బాబాయిని వెంటబెట్టుకుని వీరయ్య ఇంటికి చేర్చాడు. వీరయ్య చుట్టూ తిరిగి చూసి, ఇంజను నచ్చలేదా బావా, ఇంకేమన్నా నచ్చలేదా అని అడిగాడట. అదురుడే బావా, నా పాత బండి తట్టుకోలా అన్నాడట నాన్న. వీరయ్య మనుషుల్ని కేకేసి తన జీపులోంచి మా పెట్రోలు ఇంజను విప్పించాడు. కుండమార్పిడిలో ఒకరు తిరిగొస్తే రెండోవారూ తిరిగి రావాలి. ఆ కట్టుబాటు తెలిసిన మనిషి కాబట్టి, అడగకుండానే మాట కూడా తిరిగి ఇచ్చేశాడు. అన్నాలు పెట్టి పంపించాడు. వాళ్ళ అమ్మాయికి ఆ ఏడాదే మంచి సంబంధం కుదిరింది, మేమంతా పెళ్ళికి పోయాం.

నాన్నకి మాత్రం అది తీరని నష్టం. బంకులో పోసిన పెట్రోలు సంగతి కాదు నేను చెప్పేది, దాన్ని ఆయన ఇంకో రెండు ట్రిప్పులు ఎక్కువ వేసి సర్దుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడ ఏ బండి గురించి నోరు విప్పినా, డీజిలు తీసి పెట్రోలు పెట్టుకున్నోడివి నువ్వు మాట్టాడబాక అనేవాళ్ళు. ఆయన సర్లే అని ఊరుకునేవాడు. నేను క్లాసులో కంపనాల పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ గ్లాసులో నీళ్ళే కనపడేవి. పిల్లలకి ఏం చెప్పగలను, సూత్రం చెప్పి ఊరుకునేదాన్ని.

చరణ్ వాళ్ళకి ఆ రోజు షెడ్డులో ఇదంతా చెప్పాను. ఇప్పుడు దాచాల్సినవాళ్ళు ఎవరూ లేరు. అంతా విని నాగూర్ మెల్లిగా, అయినా అత్తా, డీజిలే మంచిది గదా అన్నాడు, హరి ఆర్సీ మాట ఎత్తాడు, మళ్ళీ మొదలెట్టారు. నాకు చాలా హాయిగా అనిపించింది. వాళ్ళు ఇంజను గురించే కొట్టుకుంటున్నారు. ఓడినవాడు టీ డబ్బులిస్తే సరిపోతుంది. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఏ వస్తువు చేతులు మారినా దాని వెనక ఒక చుట్టరికం వచ్చి కూర్చునేది, వద్దన్నవాడు వస్తువునే తప్పుపట్టాలి. ఆ కాలం మంచిదని నేను అనలేను. అందులో మా నాన్న లాంటి మనిషి ఉన్నాడు, అంతే.

ఒక్కటి మాత్రం ఆ పిల్లలకి చెప్పలేదు. నేను డిగ్రీలో చేరడానికి నరసరావుపేట బయల్దేరిన రోజు, బస్సులో పోదామన్నా వినకుండా నాన్న జీపు తీశాడు. వెనక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, ముందు సీట్లో ఒళ్ళో సర్టిఫికెట్లతో నేను. సుభాని మామ షెడ్డు దాటకుండా మా ఊరి నుంచి బయటపడే దారి లేదు. గొడవ అయిన దగ్గర్నుంచి నాన్న ఆ మలుపులో తల తిప్పకుండా పోతున్నాడు. ఆ రోజు సుభాని మామ రోడ్డు మీదే ఉన్నాడు. ఏమనుకున్నాడో, చెయ్యెత్తి బండి ఆపాడు. నా వైపుకి వచ్చి పెట్టె చూశాడు, పరుపు చూశాడు, యాడికమ్మా అన్నాడు. నరసరావుపేట మామా, డిగ్రీలో చేరుతున్నా అన్నాను. వినుకొండ ఆడవాళ్ళు పూలు పట్టుకుని మా ఇంటికొచ్చిన సంగతి ఊళ్ళో అందరిలాగే ఆయనకీ తెలుసు. నా మొహం వంక చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"ఇదా సాంబయ్యా నీ అదురుడు?"

నాన్న స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యలేదు. ఇదే సుభానీ అన్నాడు.

"ముందే ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయిందయ్యా," అన్నాడు సుభాని మామ. "ఆ నీళ్ళు నేనే ఒలకబోసేవోణ్ణి గదా."